ఎక్కుడులో వచ్చే చప్పుడు

ఊదారంగు మొక్కజొన్న జావ అడుగంటకుండా తెడ్డు తిప్పుతూనే బసీలియా ఒక చెవిని ఇంటివైపు వేసి ఉంచింది. ఇల్లు ఆమె తోపుడుబండికి నాలుగు గుమ్మాల అవతల ఉంది. పూత లేని ఇటుక గోడలు, పైన రేకులు, రేకులు గాలికి లేవకుండా పెట్టిన రాళ్లు. రేకుల మీద పొగ లేదు. ఇప్పటికైతే లేదు. నాలుగు గ్లాసులు పోసినప్పుడల్లా ఒకసారి తల తిప్పి చూసుకుంటోంది.

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. రాత్రి పడ్డ వడగళ్లు ఎల్ ఆల్టో వీధుల్లో గోడల వెంట తెల్లగా గుట్టలు కట్టి ఉన్నాయి. మొన్న మంగళవారం కార్నివాల్‌కి చల్లిన రంగుకాగితం ముక్కలు బురదలో అతుక్కుపోయాయి. బసీలియాకి యాభై ఎనిమిదేళ్లు. ఒకదాని మీద ఒకటి తొడిగిన కుచ్చుల లంగాలు, వాటి మీద నూనెమరకల ఏప్రాన్, ఊలు శాలువా, వీపు మీద రెండు జడలు. జడల చివర్లు ఎక్కడ జావకుండలో పడతాయోనని రెంటినీ కలిపి ముడేసుకుంటుంది. గ్యాస్ గొట్టాన్ని మూడుసార్లు తడిమిగానీ పొయ్యి వెలిగించదు. గ్లాసు చేతికిస్తూ ప్రతి మనిషికీ, "మెల్లిగా, నాలుక కాలుద్ది" అని చెబుతుంది. రెండేళ్లుగా రోజూ తాగేవాళ్లకి కూడా చెబుతుంది.

"ఏం కసెరితా, పొద్దున్నే ఇంటికేసి అన్ని చూపులేంటి? మా ఎవరీస్తో ఎవత్తెతోనైనా లేచిపోతాడని భయమా?" అన్నాడు దోన్ వెనాన్సియో, వాడుకైన అంగడామెని అందరూ పిలిచే ముద్దుపేరుతో. ఆయన బసీలియా మొగుడు ఎవరీస్తోతో పాటు ఒకే దారిలో ముప్పై ఏళ్లు మినీబస్సు నడిపినవాడు. ఇప్పటికీ మొదటి ట్రిప్పుకి ముందు ఇక్కడ నిలబడి ఒక గ్లాసు జావ, జున్ను పెట్టి వేయించిన రొట్టె లాగించిగానీ బండెక్కడు.

"లేచిపోవాలంటే ముందు కుర్చీలోంచి లేవాలి కదా," అంది బసీలియా. "అది కాదు దోన్ వెనాన్సియో. ఆ కంప్యూటరుంది చూశారా, నిన్నట్నుంచి చప్పుడు చేస్తోంది."

"ఏం చప్పుడు?"

"టకటకటకా అని. కాసేపాగి మళ్లీ టకటకటకా. కొండెక్కేటప్పుడే చేస్తోంది."

"కంప్యూటర్ కొండెక్కడమేంటి తల్లీ!"

"అందులో ఆయన బస్సు ఎక్కుద్ది కదా."

వెనాన్సియో నవ్వాపుకుని మొహం గంభీరంగా పెట్టాడు. "మా బావమరిది ఇంట్లో ఒకటి ఇలాగే మొదలెట్టింది. మూడో రోజు పేలింది. రేకులు ఎగిరిపోయి తితికాకా సరస్సులో తేలాయి."

తెడ్డు ఆగిపోయింది. "పేలిందా?"

"ఊరికే అన్నాలే! మా బావమరిదికి ఇల్లే లేదు, ఇంక రేకులెక్కడివి? సరేగానీ కొసరెయ్యి."

మామూలుగా కొసరు సగం గ్లాసుకి మించి పోయని మనిషి ఆ రోజు నిండా పోసేసింది. వెనాన్సియో గ్లాసుకేసీ ఆమె మొహంకేసీ మార్చి మార్చి చూసి, ఇంకేమీ హాస్యమాడకుండా తాగి వెళ్లిపోయాడు.

పేలుతుందన్న భయం ఒకటే అయితే ఆమె ఎలాగో దిగమింగుకునేది. పొయ్యి పేలుతుందని, వంతెన కూలుతుందని, పైన తీగల మీద వెళ్లే కేబుల్‌కార్ డబ్బాలు తెగి ఎవరి నెత్తినో పడతాయని రోజూ పడే భయాలు ఆమెకి అలవాటే. ఈ భయం వేరు. ఆ చప్పుడుకి కారణం తనే అయి ఉంటుందని ఆమెకి నిన్నటినుంచి లోపల గుచ్చుకుంటోంది.

కార్నివాల్ మంగళవారం నాడు ఊళ్లో చాల్యా చేయని వస్తువుండదు. ఇల్లు, అంగడి, కుట్టుమిషను, లారీ, ఏది అన్నం పెడుతుందో దానికల్లా రంగుకాగితాల దండ వేసి, పూలరేకులు చల్లి, చక్కెర గుళ్లు జల్లి, నాలుగు మూలలా నాలుగు చుక్కలు సారా పోసి భూమితల్లి పాచమామకి అప్పజెప్పుకుంటారు. ఎవరీస్తో తన మినీబస్సుకి ముప్పై ఒక్క ఏళ్లు అలాగే చేశాడు. ఒక్క ఏడాది తప్పిపోయింది. మూడేళ్ల కిందట జనవరిలో బసీలియా వాళ్లమ్మ పోయింది. నల్లబట్టలు కట్టిన ఇంట్లో కార్నివాల్ చేయరు. ఆ ఏడు బండి టైర్ల మీద ఒక్క పూలరేకు పడలేదు.

ఆ జూన్‌లోనే జరిగింది. కింద లా పాస్ నుంచి పైన కొండ అంచునున్న సేహాకి ఎక్కే దారిలో, పద్నాలుగు మంది బండిలో ఉండగా. బసీలియా ఎప్పటిలాగే తలుపు దగ్గర నిలబడి స్టాపుల పేర్లు పిలుస్తోంది. ఇరవై ఏళ్లు ఆమె పని అదే. ఎవరీస్తో తోలడం, ఆమె తలుపు పట్టుకుని "సేహా, సేహా, సేహా" అని అరిచి జనాన్ని ఎక్కించుకోవడం, చార్జీలు తీసుకోవడం. ఆ రోజు బండి ఉన్నట్టుండి కుడివైపుకి జరిగింది. ఇండికేటర్ వేశాడు. ఆపాడు. హ్యాండ్‌బ్రేక్ లాగాడు. తాళం తిప్పి ఇంజన్ కట్టేశాడు. అన్నీ వరసగా, తొందరలేకుండా. అప్పుడు వెనక్కి తిరిగి, "బసీలియా, వీళ్ల చార్జీలు వీళ్లకి తిరిగిచ్చెయ్" అన్నాడు. ఆ తర్వాతే తల స్టీరింగ్ మీద వాల్చాడు.

గుండె పెద్దదైపోయిందన్నారు డాక్టర్లు. ఈ ఎత్తులో ఉండొద్దు, పల్లానికి దిగిపొమ్మన్నారు. "పల్లానికి పోయి దోమలకి అన్నం పెట్టనా?" అని ఆయన కదల్లేదు. మళ్లీ జనాన్ని ఎక్కించుకుని బండి తోలడానికి మాత్రం వీల్లేదని డ్రైవర్ల సంఘం వాళ్లు కార్డు వెనక్కి తీసుకున్నారు. బండి అమ్మేశారు. ఆ తర్వాత దాదాపు రెండేళ్లు ఎవరీస్తో కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని వీధిలో పోయే మినీబస్సుల్ని చూస్తూ కూర్చున్నాడు. సూప్ చల్లారిపోయేది. పిలిస్తే పలికేవాడు కాదు. బసీలియా అర్ధగంటకోసారి వచ్చి ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది.

అప్పుడు కూతురు నొయేలియా ఈ కంప్యూటర్ తెచ్చింది. కొచబాంబాలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో పని దానికి. ఈ కంప్యూటర్ తను ఆటలాడుకోవడానికి కొనుక్కున్నది, పెద్ద నల్లటి పెట్టె, లోపల నీలం దీపాలు. దానికి ఒక స్టీరింగ్, మూడు పెడళ్లు కూడా బిగించి ఇచ్చింది. ఎవరో కుర్రాళ్లు మన కొండదారుల్నే ఆటలో గీసిపెట్టారట. తెల్లటి మినీబస్సు, నీలం గీత, వెనకద్దం మీద పాత బండి మీద ఉన్నట్టే "నొయేలియా" అన్న పేరు. మొదటిరోజు ఎవరీస్తో స్టీరింగ్ మీద చేతులు పెట్టి చాలాసేపు కదలకుండా కూర్చున్నాడు. తర్వాత, "దీనికి అద్దం కింద గుడ్డ ఏదే?" అన్నాడు. పాత బండి డాష్‌బోర్డు మీది కుచ్చుల ఊలుగుడ్డ పెట్టెలోంచి తీసి బల్ల మీద పరిచింది బసీలియా. ఆ రాత్రి ఆయన రెండు గిన్నెల సూప్ తాగాడు.

అలాంటి దాన్ని చాల్యా లేకుండా ఎలా వదిలేయగలదు? మొన్న మంగళవారం అడిగితే ఎవరీస్తో కసిరాడు. "అది కరెంటుతో నడిచేది ముసలీ! దాని మీద సారా పోస్తే పాచమామ కాదు, నువ్వే భూమిలోకి పోతావ్." సరేనని తల ఊపింది. ఆయన సంఘం షెడ్డుకి, మిత్రుల బస్సుల చాల్యాకి వెళ్లగానే తన పని తను చేసేసింది. సారా బల్ల కాళ్ల దగ్గర మాత్రమే పోసింది, అంత తెలివితక్కువది కాదు. పెట్టె మీద పూలరేకులు, కాగితం ముక్కలు, గుప్పెడు చక్కెర గుళ్లు. దండం పెట్టుకుని, ఆయన వచ్చేలోపు అన్నీ గబగబా ఊడ్చేసింది. పెట్టె నెత్తిన ఎప్పుడూ ఉండే సన్నటి జాలీ ఆ రోజు లేదన్న సంగతి రాత్రి పక్క మీద పడుకున్నాక గుర్తొచ్చింది. దుమ్ము పట్టిందని ఆయనే దాన్ని కడిగి పెరట్లో ఆరేశాడు.

బుధవారం మధ్యాహ్నం చప్పుడు మొదలైంది.

* * *

తొమ్మిదిన్నరకి కుండ ఖాళీ అయింది. బండి లోపలికి తోసుకొచ్చేసరికి ఎవరీస్తో పెట్టె పక్క తలుపు విప్పి, నేల మీద గుడ్డ పరుచుకుని, స్క్రూలన్నీ ఒక మూతలో పెట్టుకుని కూర్చున్నాడు. అరవై ఏడేళ్ల మనిషి. మెడ పొట్టి, భుజాలు వెడల్పు. ముప్పై ఏళ్లు కిటికీ బయట పెట్టిన ఎడమ మోచెయ్యి కుడిదానికంటే నల్లగా ఉంటుంది. నెత్తి మీద అదే పాత టోపీ. పెదాలు పొద్దున్నే కాస్త నీలంగా ఉన్నాయి. బసీలియా ముందు ఆ పెదాలు చూసింది, తర్వాతే పెట్టెకేసి చూసింది.

"షాక్ కొడుతుంది! తీగ పీకావా?"

"పీకాను."

"గోడలోంచి పీకావా, పెట్టెలోంచి పీకావా?"

"రెండింట్లోంచీ పీకి జేబులో పెట్టుకున్నా. చూపించనా?" నిజంగానే జేబులోంచి తీగ బయటికి తీశాడు.

ఆమె కూతురికి వీడియో కాల్ చేసింది. నొయేలియా మొహం, వెనక దుకాణంలో అరల నిండా కంప్యూటర్ పెట్టెలు కనిపించాయి.

"మళ్లీ ఏమైందమ్మా?"

"చప్పుడే! పేలుద్దంటున్నారు."

"ఎవరు?"

"దోన్ వెనాన్సియో."

"ఆయన కంప్యూటర్ చూశాడా ఎప్పుడైనా? అమ్మా, ఆన్ చేసి ఫోన్ దగ్గర పెట్టు, వింటా."

ఆన్ చేశారు. పెట్టె పిల్లి నిద్రపోయినట్టు మెల్లగా గురక పెట్టింది. చప్పుడు లేదు. ఫోన్ అటు పెట్టారు, ఇటు పెట్టారు. లేదు.

"బానే ఉంది కదా!"

"నువ్వు వింటున్నావని ఊరుకుందే అది," అంది బసీలియా. "నిన్న నేను గిన్నెలు కడుగుతుంటే ఎంత గోల చేసిందో!"

"డాక్టరు ఎదురుగా కూర్చుంటే నాకూ ఎక్కడా నొప్పుండదు," అన్నాడు ఎవరీస్తో.

నొయేలియా నవ్వలేదు. "నాన్నా, అందులో ఐదు ఫ్యాన్లున్నాయి. ఏదో ఒకదానికి ఏదైనా తగులుతుండాలి. అదేంటో తేలేదాకా ఎక్కువసేపు ఆడకు. తేలకపోతే బస్సులో వేసి ఇక్కడికి పంపు, చూస్తా. కార్నివాల్ తర్వాత పని పేరుకుపోయింది, నెల పట్టుద్ది."

"నెలా?" అన్నాడు ఎవరీస్తో. ఆ ఒక్క మాటే. కానీ అన్నాక ఆయన కళ్లు కిటికీ దగ్గరి ఖాళీ కుర్చీ మీదికి పోయాయి. బసీలియా అది చూసింది. చెప్పేద్దామనుకుంది. కూతురి ముందు ఎలా చెప్పడం? చాల్యా చేశానంటే అది నెత్తీనోరూ కొట్టుకుంటుంది. "సరేలే, పని చూసుకో. స్వెట్టరేసుకున్నావా?" అని పెట్టేసింది.

ఎవరీస్తో గడ్డం గోక్కుంటూ కాసేపు పెట్టెలోకి చూశాడు. "చదునులో రావట్లేదు. దిగుడులో రావట్లేదు. ఎక్కుడులోనే వస్తోంది. అంటే ఏంటి?"

"ఏంటి?"

"లోడు మీదే వస్తోందన్నమాట. మన రెండో బండి గేర్‌బాక్స్ గుర్తుందా? మెకానిక్కు దగ్గర నించోబెడితే నోరు మెదిపేది కాదు. పన్నెండు మందిని ఎక్కించుకుని ఎక్కుడులో పడితే ఏడ్చేది. దీన్నీ ఎక్కుడులో పెట్టి, నడుస్తుండగానే వినాలి." చెయ్యి చాపాడు. "ఆ తెడ్డు ఇటియ్యి."

"ఏ తెడ్డు?"

"జావ తెడ్డు."

"నా తెడ్డా! దాంతో నలుగురికీ జావ పోస్తాను ముసలోడా!"

"పిడి వైపే చెవికి పెట్టుకుంటాలే. చెవి శుభ్రంగానే ఉంది, నిన్ననే కడిగా."

ఆమె కడిగి, తుడిచి, ఇంకోసారి తుడిచి ఇచ్చింది. చెక్క కరెంటుని రానివ్వదని ఆయన చెప్పాడు కాబట్టే ఇచ్చింది. ఆయన నేల మీద పెట్టె పక్కన ఒత్తిగిలి, తెడ్డు పిడి చెవికి ఆనించి, అంచు లోపలి చట్రానికి తాకించాడు. అప్పుడు అసలు చిక్కు బయటపడింది.

"ఇంక బండి తోలు," అన్నాడు.

"ఎవరు?"

"ఇంకెవరున్నారిక్కడ? నేను వినాలి కదా. ఎక్కు."

ఇరవై ఏళ్లు తలుపు దగ్గర వేలాడిందే తప్ప బసీలియా ఎన్నడూ స్టీరింగ్ ముట్టుకోలేదు. కుచ్చుల లంగాలన్నీ పోగుచేసుకుని కుర్చీ అంచున కూర్చుంది. తెర మీద తెల్లగా కొండదారి, ఒకవైపు రాయి, ఒకవైపు లోయ. వెనక సీట్లలో తలలు కనిపించాయి.

"జనమున్నారు!" అని అరిచింది.

"ఉండనీ."

"దించెయ్ వాళ్లని! నా చేతిలో ఇంతమంది ప్రాణాలు నాకొద్దు!"

"బొమ్మలే అవి!"

"బొమ్మలైతే? పిల్లనెత్తుకుని కూర్చుందొకామె!"

ఎవరీస్తో నేల మీద పడుకునే మీట చెప్పాడు, తలుపులు తెరిపించాడు, జనమంతా దిగిపోయారు. ఆమె ప్రతి ఒక్కరూ దిగేదాకా చూసి అప్పుడు పెడల్ తొక్కింది. బండి ముందుకి దూకింది. "మెల్లిగా, మెల్లిగా, మెల్లిగా" అని తనకి తనే చెప్పుకుంటూ, రాయి వైపే ఒరుసుకుంటూ, ఎదురుగా ఎవరైనా వస్తే కళ్లు మూసుకుంటూ తోలింది. ఒక గొర్రెని తప్పించడానికి ఆగి, అది దాటిందాకా చూసి క్షమాపణ కూడా చెప్పింది. ఎక్కుడు మొదలైంది. పెట్టె గురక పెద్దదైంది.

టకటకటకటకా.

"వచ్చింది! తొక్కు, వదలకు!"

"పడిపోతాం!"

"పడవు! తొక్కవే నా తల్లీ!" తెడ్డు ఒక ఫ్యాన్ నుంచి ఇంకో ఫ్యాన్‌కి జరిపాడు. ముందు రెండు. కాదు. వెనకది. కాదు. పైది కాదు. అడుగున పడుకోబెట్టిన ఐదో ఫ్యాన్ చట్రం మీద తెడ్డు ఆనగానే మొహం చిట్లించి చెవి వెనక్కి తీసుకున్నాడు. "దొంగ దొరికాడు. ఆపెయ్. తీగ పీకు."

బసీలియా బ్రేకు మీద రెండు కాళ్లూ వేసింది. దిగి, గోడలోంచి తీగ పీకి, పీకిన చోట మళ్లీ తడిమి చూసింది. ఆయన చొక్కా చెయ్యి మడిచి, పొడుగు పటకారుతో పెట్టె అడుగున వెతికాడు. మొదట ఒక గులాబీరంగు కాగితం ముక్క వచ్చింది. తర్వాత ఒక పసుపు ముక్క. తర్వాత ఎండిపోయిన పూలరేకు. ఆయన ఒక్కొక్కటీ ఊలుగుడ్డ మీద వరసగా పెడుతుంటే బసీలియా ఏప్రాన్ అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. చివరికి ఫ్యాన్ చట్రం మూలలో ఇరుక్కున్నదాన్ని కదిలించి, రెండు వేళ్లతో బయటికి తీశాడు.

గోళీ అంత చక్కెర గుళి. గులాబీరంగు, బొడిపెలు బొడిపెలుగా. ఫ్యాన్ రెక్క తగిలి తగిలి ఒక పక్క సన్నగా తెల్లటి గీత పడింది. వేగం పెరిగి పెట్టె అదిరినప్పుడల్లా అది మూలలోంచి కదిలి రెక్కకి తగులుతోంది.

ఎవరీస్తో దాన్ని వెలుతురుకి ఎత్తి చూశాడు. "ఇది ఇందులోకి ఎలా వచ్చిందంటావ్?"

"ఎలకలు," అంది బసీలియా.

"కార్నివాల్ చేసుకునే ఎలకలా?"

ఆమెకి ఏడుపొచ్చేసింది. "ఒక్క ఏడాది, ఒకే ఒక్క ఏడాది చాల్యా చేయలేదు. ఏమైందో చూశావు కదా. మళ్లీ అలా అయితే? నీకు తెలీకుండా చేశాను. సారా మాత్రం కిందే పోశాను. ఆ జాలీ లేదని చూసుకోలేదు. చెడగొట్టేశానేమోనని రెండు రోజుల్నుంచి నిద్ర లేదు నాకు. ఇది పోతే నువ్వు మళ్లీ ఆ కిటికీ దగ్గర..." అని ఆగిపోయింది.

ఎవరీస్తో నవ్వడం మొదలెట్టాడు. ముందు భుజాలు, తర్వాత పొట్ట, తర్వాత మనిషంతా. నవ్వు దగ్గులోకి దిగింది. ఆమె కంగారుగా వీపు రుద్దింది. ఆయన చెయ్యెత్తి వారించి, కళ్లు తుడుచుకున్నాడు. "పాచమామ నోరు కంప్యూటర్ నెత్తిన ఉందనుకున్నావా? తిండి పెట్టిన పుణ్యానికి రెండు రోజులు పళ్లు కొరికింది పాపం."

"నవ్వకు. నీకు మంచిది కాదు."

"ఏది మంచిదే నాకు?" అన్నాడు. తర్వాత మాట మార్చి, మెల్లిగా, "అద్దం మీద దండ కూడా వేశావా?" అని అడిగాడు.

"వేశాను. పసుపుది."

"పాత బండికి కూడా పసుపుదే వేసేదానివి," అన్నాడు. గుళిని అరచేతిలో దొర్లించాడు. లేచి, మూల అరలోంచి సారా సీసా తీసి, మూతలో రెండు చుక్కలు పోసి, తలుపు దగ్గర మట్టినేల మీద వంపాడు. "సరిగ్గా చెయ్యాలి ఏదైనా," అన్నాడు. ఆమె మనసులో ఏదో ముడి వీడింది.

పక్క తలుపు బిగించి, పెరట్లోంచి జాలీ తెచ్చి నెత్తిన పెట్టేసరికి పదకొండున్నర దాటింది. ఆన్ చేశారు. ఎక్కుడులో పెట్టి చూశారు. మెత్తటి గాలి శబ్దం, అంతే. ఇద్దరూ తలలు దగ్గరగా పెట్టుకుని విన్నారు. బసీలియా కూతురికి, "దొరికింది, చిన్న రాయి" అని మెసేజ్ పెట్టింది. ఎవరీస్తో భుజం మీదినుంచి చదివి, "రాయా?" అన్నాడు. "దానికి తెలిస్తే నన్ను బతకనివ్వదు, ఊరుకో," అంది.

ఆయన ముందుగా కిటికీ దగ్గరి కుర్చీ ఎత్తి వంటగదిలో పెట్టొచ్చాడు. "నీకు కూచోడానికి పనికొస్తది," అన్నాడు. టోపీ సర్దుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. గుళిని బల్ల మీది ఊలుగుడ్డ మీద, ఫ్లాస్కు మూతలో పెట్టాడు.

"తినెయ్యొచ్చుగా. కరిగిపోద్ది," అంది బసీలియా.

"దార్లో డ్రైవరు నోట్లో ఏమీ ఉండకూడదు. సేహా చేరాక తింటా." పెడళ్ల మీద కాళ్లు సర్దుకున్నాడు. "ఏయ్ ముసలీ, పొద్దున నువ్వు దించేసిన జనాన్ని ఎవరు ఎక్కిస్తారు? పిలువు."

"వంట చెయ్యొద్దా?"

"వంట చేస్తూనే పిలువు. గొంతుకేం పని?"

ఆమె వంటగదిలోకి వెళ్లింది. మధ్యలో ఒక పరదా మాత్రమే. రాత్రి నానబెట్టిన ఎండుదుంపల్ని పిండి, ఉల్లిపాయ తరిగింది. సూప్ పొయ్యి మీద పెట్టి గ్యాస్ గొట్టం తడిమింది. ఒకసారే. గొంతు సవరించుకుని మొదలెట్టింది.

"సేహా, సేహా, సేహా! ఎక్కండి, వెనక సీట్లున్నాయి, సేహా!"

"గట్టిగా! చచ్చిన కోడిలా అరుస్తావేంటి?" పరదా అవతలినుంచి ఎవరీస్తో.

"సేహా! సేహా! అమ్మగారూ, మూట ఒళ్లో పెట్టుకోండి! సేహా!"

అటువైపు నవ్వు వినిపించింది. తర్వాత గేరు మారిన శబ్దం, తలుపులు మూసుకున్న శబ్దం. ఆమె పాత స్టాపుల పేర్లన్నీ వరసగా పిలిచింది. ఒక్కటీ మర్చిపోలేదు. వీధిలో పోతున్న ఎవరో ఆగి కిటికీలోకి తొంగిచూసి, "దోన్యా బసీలియా, బస్సెక్కడ?" అని నవ్వారు. "మీకు సీటు లేదు, వెళ్లండి!" అంది. సూప్ ఉడుకుతోంది. ఆమె ఆ కుర్చీలో కూర్చుంది. మూడేళ్లలో ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. మోకాళ్లు హాయిగా అనిపించాయి. పెట్టె ఎక్కుడులో గురక పెడుతోంది, అడ్డు లేకుండా, ఒకే స్వరంలో. ఏ చప్పుడూ లేదు. ఆమె వెళ్లి చూడలేదు. రోజూ అయితే ఈపాటికి నాలుగుసార్లు పరదా తీసేది.

చివరి మలుపు పేరు పిలిచినప్పుడు ఆయన బదులివ్వలేదు. జనం ఎక్కువై చూసుకుంటున్నాడనుకుంది. పెట్టె గురక తగ్గి, చదునులో ఉన్నట్టు మెత్తబడింది. సేహా వచ్చేసిందన్నమాట. ఆమె రెండు గిన్నెల్లో సూప్ వడ్డించి, ఆయన గిన్నెలో ఒక దుంప ఎక్కువ వేసి, పరదాని మోచేత్తో తప్పించింది.

"మెల్లిగా, నాలుక కాలుద్ది," అంది అలవాటుగా.

తెర మీద మినీబస్సు దారికి కుడిపక్కకి చక్కగా ఒదిగి ఆగి ఉంది. ఇండికేటర్ వెలుగుతూ ఆరుతూ ఉంది. హ్యాండ్‌బ్రేక్ ఎర్రదీపం వెలిగి ఉంది. ఎవరీస్తో రెండు చేతులూ స్టీరింగ్ మీద, తల చేతుల మీద, మొహం ఒక పక్కకి. టోపీ కాస్త జారింది. నవ్వినప్పటి ముడతలు కళ్ల దగ్గర ఇంకా పూర్తిగా పోలేదు.

ఆమె గిన్నెలు నేల మీద పెట్టింది, ఒక చుక్క కూడా ఒలకలేదు. వేలు ముక్కు దగ్గర పెట్టింది. అక్కడే ఉంచింది. చాలాసేపు ఉంచింది. తర్వాత టోపీ సరిచేసి, శాలువా తీసి ఆయన భుజాల మీద కప్పి, పక్కన నిలబడి ఆయన వీపు మీద చెయ్యి వేసింది. వీపు ఇంకా వెచ్చగానే ఉంది.

తెర మీద వెనక సీట్లలో జనం కదలకుండా కూర్చుని ఉన్నారు. పిల్లనెత్తుకున్నామె కూడా ఉంది. పొద్దున ఆయన చెప్పిన మీట ఏదో బసీలియాకి గుర్తుంది. నొక్కింది. తలుపులు తెరుచుకున్నాయి.

"దిగండమ్మా," అంది మెల్లిగా. "దిగండయ్యా. బండి ఇక్కడిదాకే."

ఒక్కొక్కరే దిగారు. చివరి మనిషి దిగేదాకా చూసి, కూతురికి ఫోన్ చేయడానికి ఏప్రాన్ జేబులో చెయ్యి పెట్టింది. బల్ల మీద, కుచ్చుల ఊలుగుడ్డ పైన, ఫ్లాస్కు మూతలో గులాబీరంగు చక్కెర గుళి ఉంది, ఒక పక్కన సన్నటి తెల్లటి గీతతో.